ఇంగితం లేదా నీకు

7 నవంబర్ 2006, మంగళవారం

"ఇంగితం లేదా బే నీకు?"

అన్నది గౌస్ చాచా. క్రేన్ క్యాబిన్‌లోంచి నడుం దాకా బయటికి వంగి, దుంగలను ముక్కలు చేసే చిప్పర్ మిషన్ ఆగిన ఆ కాస్త సమయం చూసుకుని మరీ అన్నాడు. కాగితం మిల్లు యార్డంతా విన్నది. బెరడు తీసే ఆడవాళ్లు కూడా విన్నారు. ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనీ.

జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసుకోవాలి. లేకపోతే రేపటికల్లా వాళ్లు చెప్పుకునేదే నిజమని నాకే అనిపిస్తుంది.

జామాయిల్ కట్ట గాల్లో ఉంది. నేను దుంగల గుట్ట మీద నిలబడి పిడికిలి చూపించాను. పిడికిలి అంటే ఆపు. చిప్పర్ తిరుగుతున్నంతసేపు ఈ యార్డులో నోరు పనికిరాదు, అన్నీ చేతులే. అరచెయ్యి కిందికి ఊపితే దించు. వేలు పైకి తిప్పితే ఎత్తు. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెడితే మొత్తం పని బంద్. సైగ అందిందని చెప్పడానికి గౌస్ చాచా తన తెల్ల టోపీ అంచు ముట్టుకుంటాడు. ఏ చార్టులోనూ లేదు, అది ఆయన అలవాటు. టోపీ మీదికి చెయ్యి పోయిందంటే చాలు, కింద మనుషులు నమ్మకంగా నిలబడతారు.

ఇవాళ నేను పిడికిలి చూపించాను. ఆయన టోపీ ముట్టుకున్నాడు. కట్ట ఆగలేదు. దిగుతూనే ఉంది. గుట్టకు తగిలి పై వరస దుంగలు దొర్లాయి. కింద కట్టకు చుట్టిన స్లింగు తాడు విప్పే జంపయ్య పక్కకు దూకాడు. మోకాలు గీసుకుపోయింది, అంతటితో సరిపోయింది.

"సూర్యున్ని వెనకేసుకుని నిలబడ్తే నీ చెయ్యి నాకెట్ల కనపడ్తది? గదన్న తెల్వదా? ఇంగితం లేదా బే నీకు?"

కనపడకపోతే టోపీ ఎందుకు ముట్టుకున్నట్టు? అడగలేదు. చిప్పర్ మళ్లీ మొదలైంది.

సిగ్నల్ మనిషిగా నాది ఈ నెలాఖరు దాకా ట్రయల్. గౌస్ చాచా సరేనంటే ఉంటాను, వద్దంటే మళ్లీ బెరడు తీసే కత్తి పట్టాలి.


8 నవంబర్

నాకు కోపం లేదు.


9 నవంబర్

కోపం లేదు గానీ ఒక సంగతి. నేను బడి మానేసింది ఏడో తరగతిలో. తల్లాడ అవతల మా తండాలో పత్తి చేనుకు కాపలా ఉంటూ, పకోడీ పొట్లాల కాగితాలు చదివి తెలుగు నేర్చుకున్నాను. ఒక్క అక్షరం ఎవరూ దిద్దించలేదు. గౌస్ చాచా ఇంట్లో ఉర్దూ. మా ఇంట్లో లంబాడీ. ఇద్దరిదీ తెలుగు కాదు, అయినా తిట్టుకోవడానికి తెలుగే కావాలి. అందులోనూ అంత పెద్ద మాట ఆయనకు ఎక్కడ దొరికింది? అర్థం తెలిసే అన్నాడా?

మంగ్లికి చెప్పాను. మాకు పెళ్లయి ఏడాది కాలేదు, అయినా నా మాట సగంలోనే అర్థం చేసుకుని మిగతా సగం వినడం మానేస్తుంది.

"మన మాటల దానికేమంటరు?" అని అడిగాను.

"ఏమో. మా అమ్మ కనుబొమ్మ ఎత్తేది. మేము లేచి నీళ్లకు పోయేటోళ్లం. గంతే."

"అది మాట కాదు."

"నీళ్లైతే వచ్చినయి గద."


12 నవంబర్, ఆదివారం

బ్రిడ్జి దాటి భద్రాచలం పోయాను. లైబ్రరీకి శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. నాలాంటివాళ్లకు అదే మేలు. అక్కడ పద్మావతమ్మ గారు ఉంటారు. పుస్తకం తీసుకుంటే మూలలు మడవొద్దని ముందే చెబుతారు.

"పెద్ద నిఘంటువు కావాలమ్మా."

"ఏ పదానికి?"

"ఇంగితం."

ఆమె కళ్లద్దాల పైనుంచి చూశారు. "ఎవరన్నా అన్నారా?"

"లేదమ్మా, ఊరికే."

"ఊరికే ఎవరూ ఆ పదం వెతకరు నాయనా. కూర్చో."

పుస్తకం రెండు చేతులతో మోయాల్సిన బరువు. ఇ అక్షరంలో దొరికింది. సంస్కృతం నుంచి వచ్చింది. దాని మూలంలో ఉన్న అర్థం కదలడం. అంతే, ఒట్టి కదలిక. తర్వాత, మనసులో ఉన్నది బయటికి చెప్పే ఒంటి కదలిక. కన్ను, కనుబొమ్మ, చెయ్యి. సైగ. ఎదుటి మనిషి కదలికను బట్టి వాడి మనసు పట్టుకోగలిగినవాడు ఇంగితజ్ఞుడు. ఇంగితజ్ఞానం అంటే ఆ పట్టుకునే తెలివి. ఇప్పుడు మనం దాన్ని మామూలు బుద్ధి, ఎప్పుడు ఏం చేయాలో తెలియడం అనే అర్థంలో వాడుతున్నాం.

మూడుసార్లు చదివాను. మండింది.

సైగ అట! నేను రోజంతా గుట్ట మీద నిలబడి చేసేది ఏమిటి మరి? నా కూటి పనికే ఆ పేరుంటే, అది నాకు లేదంటాడా?

ఇంకో తప్పు కూడా పట్టుకున్నాను. ఇంగితం నాలో ఉండేది కాదు, ఎదుటివాడిలో ఉండేది. నేను చూడాల్సింది. కాబట్టి ఇంగితం లేదా అని తిట్టడమే తప్పు. ఇంగితం తెలియదా అని తిట్టాలి. రేపు ఈ ముక్క ఆయన ముఖం మీద చెబుతాను.

తిరిగొస్తూ బ్రిడ్జి మీద నడిచాను. గోదావరి నిండుగా లేదు గానీ అందంగా ఉంది. ఎందుకో చాలా హాయిగా అనిపించింది.


13 నవంబర్

చెప్పాను. చాయ్ దగ్గర, అందరి ముందు.

గౌస్ చాచా మొత్తం విన్నాడు. సాసరులో చాయ్ ఊదుకున్నాడు. "అచ్ఛా పండిత్. తప్పయింది. మళ్ల అంట. ఇంగితం తెల్వదా బే నీకు?"

జంపయ్యకు నవ్వుతో పొలమారింది. మోకాలికి కట్టు కట్టుకుని కూడా నవ్వుతాడు ఈ మనిషి.

ఇప్పుడు యార్డులో నా పేరు పండిత్.


15 నవంబర్

నిలబడే చోటు మార్చాను. గుట్టకు ఇవతల, ఎండ నా ముఖాన కొట్టేలా. కళ్లు మండుతున్నాయి, నీళ్లు కారుతున్నాయి. కట్టలు మాత్రం పువ్వుల్లా దిగుతున్నాయి. గౌస్ చాచా చెప్పింది నిజమే. ఇది ఇక్కడ రాస్తున్నాను గానీ ఆయనకు చెప్పను.


19 నవంబర్, ఆదివారం

మంగ్లితో పర్ణశాల పోయాను. చాలా రోజులుగా అడుగుతోంది. అడుగుతోంది అంటే, అడగదు. బస్సు బోర్డు మీద పర్ణశాల అని కనిపిస్తే నడక నెమ్మది చేస్తుంది. ఇదివరకు నాకు తెలిసేది కాదు. ఇప్పుడు అన్నీ పట్టుకుంటున్నాను. బస్సులో కండక్టరు చిల్లర సంచి తట్టాడంటే చిల్లర లేదని. పడవవాడు తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాడంటే ఇంకో బేరం వచ్చేదాకా కదలడని.

గుడి చూశాం, ఏటి ఒడ్డున కూర్చున్నాం. గాజుల దుకాణం దగ్గర మంగ్లి ఆగి గట్టిగా నిట్టూర్చింది. నాకు అర్థమైపోయింది. ఒక్క మాట అనకుండా డజను గాజులు కొని చేతిలో పెట్టాను.

"ఇవెందుకు?"

"నీ మనసుల ఉన్నది పట్టిన."

"నా చెప్పు కరుస్తున్నది. కూసుందామని ఆగిన."

దారంతా నవ్వింది. ఒక చేతికి గాజులు, ఇంకో చేతిలో చెప్పులు పట్టుకుని ఉత్త కాళ్లతో నడిచింది. నేనూ నవ్వాను. ఇంగితజ్ఞుణ్ణి అని చెప్పుకోవడానికి ఇంకా టైం ఉంది.


21 నవంబర్

ఇవాళ గర్వంగా ఉంది. గౌస్ చాచాకు నా మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, నేను చెయ్యి ఎత్తకముందే టోపీ ముట్టుకుంటున్నాడు. నేను ఏం చెబుతానో ముందే తెలుసన్నట్టు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి.

ట్రయల్ గట్టెక్కినట్టే.


22 నవంబర్

నాకన్నా ముందు సిగ్నల్ పని చేసిన పోతయ్య మామ ఇప్పుడు లారీల దగ్గర ఉంటున్నాడు. చాయ్ దగ్గర కలిశాడు.

"ఎండల నిలబడ్డవని తిట్టిండంట గద, గౌస్ భాయ్?"

"అవ్ మామా. సూర్యుడు నా వెనక ఉండె."

"నేను మూడేండ్లు గదే గుట్ట మీద, గదే ఎండల నిలబడ్డ. నన్నెన్నడూ అనకపాయె."

మామూలుగానే అని బీడీ ముట్టించుకున్నాడు. నేను మాత్రం గ్లాసు కింద పెట్టేశాను.

గౌస్ చాచా అవతల బెంచీ మీద ఉన్నాడు. గ్లాసులోంచి సాసరులోకి చాయ్ వంపుకుంటున్నాడు. సాసరు నిండింది. ఆయన వంపుతూనే ఉన్నాడు. చాయ్ ప్యాంటు మీద పడ్డాక గబుక్కున ఆపి, "సన్నాసి సాసర్లు, ఒంకర టింకర" అని తిట్టాడు. జంపయ్య ఎదురుగా పోతూ చెయ్యి ఊపితే, వాడు గొంతు విప్పాక గానీ ముఖం అటు తిప్పలేదు.

నమ్మకం కాదు అది.

నేను చెయ్యి ఎత్తకముందే టోపీ ముట్టుకోవడం నమ్మకం కాదు.

సాయంత్రం సేఫ్టీ చూసే రవికుమార్ సార్ పిలిచాడు. కుర్చీ చూపించాడు. నాకు ఎప్పుడూ చూపించలేదు.

"ఏమయ్యా ధన్‌సింగ్, ఆ రోజు దుంగలు దొర్లాయి కదా. తప్పు నీదని అందరూ అంటున్నారు. నువ్వేం అంటావు? భయపడకు. అంతా నీ మాట మీదే ఉంటుంది."

నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు. ఆ కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆమెతో సహా అందరికీ తెలిసిపోతుంది తప్పు ఎవరిదో. పండిత్ అన్న నోళ్లన్నీ మూతపడతాయి.

"రేపు చెప్త సార్" అన్నాను.

ఎందుకు అలా అన్నానో తెలియదు. భయంతో కాదు. నేను చూసింది ఒక సాసరు, ఒక టోపీ. మొన్న గాజుల దుకాణం దగ్గర కూడా నాకు అంతా అర్థమైపోయిందనే అనుకున్నాను.


23 నవంబర్, గురువారం

ఇవాళ్టిది కూడా జరిగింది జరిగినట్టే రాస్తాను.

పొద్దున మొదటి కట్ట ఎత్తకముందు జంపయ్యను, మిగతావాళ్లను లారీ అవతలికి పంపించాను. కొక్కెం ఖాళీగా వేలాడుతోంది. కింద ఎవరూ లేరు. నేను నా చోట నిలబడి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. ఏ సైగా చేయలేదు. క్యాబిన్ వైపు చూస్తూ నిలబడ్డాను.

గౌస్ చాచా చెయ్యి టోపీ మీదికి పోయింది. కొక్కెం కిందికి దిగింది.

 కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. జంపయ్య మోకాలు కళ్ల ముందుకు వచ్చింది.

రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టాను. ఆయనకు కనిపించలేదు. చిప్పర్ దగ్గరివాడికి కనిపించింది, మిషన్ ఆపాడు. నేను ఇనుప నిచ్చెన ఎక్కాను. క్రేన్ ఎక్కడం నా పని కాదు. ఎక్కాను.

"ఏంది బే, పైకెందుకొచ్చినవ్? ఇది నీ జాగ కాదు."

"చాచా, ఇప్పుడు నేనేం సైగ చేసిన?"

"దించుమన్నవ్."

"నా చేతులు జేబుల ఉన్నయి."

గౌస్ చాచా లివర్ మీదినుంచి చెయ్యి తీయలేదు. ముందుకే చూస్తున్నాడు. అంత దగ్గరగా ఆయన కళ్లు నేనెప్పుడూ చూడలేదు. నల్లగుడ్డు మీద పల్చగా పాలు కలిపినట్టుంది.

"క్యాబిన్ మీద కన్ను పడ్డదా నీకు? కోటేష్ చెప్పి పంపిండా?"

కోటేష్ రెండో షిఫ్టు డ్రైవర్. "నాకు కోటేష్‌తో మాటల్లేవు చాచా. నాకు ఈ లివర్లేందో కూడ తెల్వదు."

"మరెందుకొచ్చినవ్?"

"కింద జంపయ్య ఉంటడు. రోజు. మీరు టోపీ ముట్టుకుంటే నమ్మి నిలబడ్తడు."

ఆ మాటకు ముఖం తిప్పుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "మా అబ్బాకు కన్ను కోసిన్రు. పట్టీ విప్పితే చీకటే. పోయేదాంక గోడ పట్టుకుని నడ్శిండు. నేనే చెయ్యి పట్టి మసీదుకు తీస్కపోయేటోన్ని. నన్ను గూడ గట్లనే కోయించుకొమ్మంటవా?"

"అది ఎన్నేండ్ల కిందటి ముచ్చట చాచా? ఇప్పుడు గట్ల లేదు."

"నీకేం ఎరుక? నిఘంటువుల చూసినవా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"రవికుమార్‌కు చెప్పినవా?"

"చెప్పలే. నిన్న అడిగిండు."

"ఎందుకు చెప్పలే? చెప్తే తిట్టు తీరిపోతుండె గద."

"మీరే చెప్తరని వచ్చిన."

"చెప్పకపోతే?"

"నేనే చెప్త. ఇయ్యాలనే, ఇక్కడ్నుంచి దిగంగనే. మీరు నన్ను మళ్ల బెరడు పనికి పంపినా సరే."

చాలా గట్టిగా అన్నాను. అరిచినట్టే. కింద చిప్పర్ మోత లేదు కాబట్టి ఎవరైనా విన్నారేమోనని నేనే భయపడి కిందికి చూశాను. వినలేదు. అందరూ ఎండకు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నారు.

గౌస్ చాచా టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన తల మీద అంత తక్కువ జుట్టు ఉందని నాకు తెలియదు.

"నేను నిన్ను అందరి ముందట తిట్టిన" అన్నాడు. "నువ్వు గింత ఎత్తు నిచ్చెనెక్కొచ్చి నేనొక్కన్నే ఉన్నప్పుడు తిడ్తున్నవ్."

ముందు నేను దిగాను. ఆయన ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాడు. చెయ్యి అందిస్తే విదిలించుకున్నాడు. ఆఖరి మెట్టు దగ్గర మాత్రం పట్టుకున్నాడు. అట్లాగే రవికుమార్ సార్ గదిలోకి నడిచాడు. నేను లోపలికి పోలేదు.


24 నవంబర్

గౌస్ చాచా సెలవు పెట్టాడు. క్యాబిన్ కోటేష్‌కు ఇచ్చారు. ఆ రోజు దొర్లింది తన కళ్ల వల్లనేనని తానే చెప్పాడట. సూర్యుడి సంగతి కూడా చెప్పాడట, అందులో కొంచెం నా తప్పు ఉందని. ఆ కొంచెం మాత్రం వదలడు.

బెరడు తీసే ఆమె ఇవాళ నన్ను చూసి నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది.


30 నవంబర్

ట్రయల్ ఆఖరి రోజు. రవికుమార్ సార్‌ను అడిగాను.

"నీ సంగతి గౌస్ చెప్పాలయ్యా. ఆయన వచ్చేదాకా ఇట్లాగే ఉండు."

ఆయన చూపు వస్తుందో రాదో, వస్తే నన్ను ఉంచుతాడో ఉంచడో. నాకేం దిగులు లేదు.


1 డిసెంబర్

నాకేం దిగులు లేదు. కోటేష్ టోపీ పెట్టుకోడు. సైగ అందిందో లేదో తెలియక ప్రతి కట్టకూ ప్రాణం పోతోంది.


3 డిసెంబర్, ఆదివారం

గౌస్ చాచా ఇంటికి పోయాను, మంగ్లిని తీసుకుని. లతీఫా చాచీ మా ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి, నా మీద పడింది.

"ఎన్ని దినాల సంది చెప్తున్న, దవాఖానకు పోదామని! ఒక్కటంటే ఒక్కటి వినలే. కూరల వెంట్రుక ఉంటే గూడ తెల్వకుండ తింటున్నడు. నాకు తెల్వదా? నువ్వు నిచ్చెనెక్కి నాల్గు మాటలంటే విన్నడు."

"వెంట్రుక ఉండెనా?" అన్నాడు గౌస్ చాచా.

"చానాసార్లు."

ఖమ్మంలో కంటి శుక్లాల ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. చాచా కూర్చున్నచోట మోకాలు ఊపుతూనే ఉన్నాడు. దాని అర్థానికి నిఘంటువు అక్కర్లేదు. నేను యార్డు ముచ్చట్లు మొదలుపెట్టాను. కోటేష్ కట్టలు ఎట్లా దించుతున్నాడో చేతులతో చేసి చూపించాను. కనిపించిందో లేదో గానీ నవ్వాడు. మోకాలు ఆగింది.

ఇంటికి వచ్చేటప్పుడు మంగ్లి అంది, "ఇయ్యాల గాజులు కొనకుంట మంచిగనే పట్టినవ్."


11 డిసెంబర్

ఇవాళే కోత. నాకు సెలవు దొరకలేదు. రోజంతా క్యాబిన్ వైపు చూసినప్పుడల్లా కోటేష్ ముఖం తెలియని మనిషిలా కనిపించాడు.


13 డిసెంబర్

కనిపించిందట.

పట్టీ విప్పగానే చాచా అన్న మొదటి మాట, "ఈ దవాఖాన గోడలకు సున్నమేసి ఎన్నేండ్లయింది?" లతీఫా చాచీ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి చెబుతూ ఏడ్చింది. కిరాణా కొట్టు ఫోన్ పట్టుకుని నేను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను. కొట్టతను నా ముఖం చూసి గ్లాసుడు నీళ్లు ఇచ్చాడు. నేను అడగలేదు.

మంగ్లితో చెబితే ఆ గాజులన్నీ ఒకేసారి మోగించింది.


8 జనవరి 2007, సోమవారం

వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, ఉతికిన టోపీ. డాక్టరు కాగితం రవికుమార్ సార్‌కు ఇచ్చి, ఎవరినీ పలకరించకుండా నా దగ్గరికి వచ్చాడు.

"ఆ చోట నిలబడు."

"ఏ చోట?"

"తిట్టిన చోట. గుట్ట మీద. సూర్యున్ని వెనకేసుకో."

"మొన్న అదే తప్పంటిరి?"

"పండిత్, నిలబడు."

నిలబడ్డాను. వీపు వెచ్చగా ఉంది. చిప్పర్ మొదలైంది. ఖాళీ కొక్కెం నా ముందు వేలాడుతోంది. జంపయ్యను చేతితో దూరంగా పంపించాను. వాడు పోయి లారీ మీద ఎక్కి కూర్చున్నాడు. పోతయ్య మామ బీడీ ముట్టించకుండా పట్టుకుని చూస్తున్నాడు. బెరడు తీసే ఆడవాళ్లు కత్తులు ఆపారు.

దించమని చెయ్యి ఊపాలి. ఊపలేదు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

క్యాబిన్‌లో తెల్ల టోపీ కదలలేదు. కొక్కెం కదలలేదు. నేను నిలబడ్డాను, ఆయన కూర్చున్నాడు. ఆయన చెయ్యి లివర్ మీదే ఉంది. ఎండ నేరుగా ఆయన ముఖాన కొడుతోంది. చెయ్యి మాత్రం టోపీ మీదికి పోలేదు.

తర్వాత నల్ల కళ్లద్దాలు కొంచెం పైకి జరిపాడు. క్యాబిన్‌లోంచి నడుం దాకా బయటికి వంగాడు. ఏదో అరిచాడు. చిప్పర్ మోతలో ఒక్క అక్షరం వినపడలేదు.

పెదాలు చూశాను. ఇంగితం లేదా బే నీకు.

జేబులోంచి చెయ్యి తీసి, అరచెయ్యి కిందికి ఊపాను.

అప్పుడు టోపీ ముట్టుకున్నాడు.